ఫ్రెట్‌లెస్ బాస్ ఏ పాటకి కుదురుతుంది, ఏ పాటకి కుదరదు?

ఆరండల్‌పేట_నాలుగుతీగలు

అందరికీ నమస్తే. మాది గుంటూరు. ఆదివారాలు చర్చిలో, ముహూర్తాల సీజన్‌లో పెళ్ళి ఆర్కెస్ట్రాలో బాస్ వాయిస్తుంటాను. మా పెదనాన్న కొడుకు చెన్నైలో ఉండగా కొనుక్కున్న ఫ్రెట్‌లెస్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు, అంటే ఫ్రెట్లు, లేని బాస్ గిటార్) ఇప్పుడు నా చేతికొచ్చింది. నాలుగు తీగలది, జాజ్ బాస్ మోడల్, ఫ్రెట్లు ఉండాల్సిన చోట సన్నటి గీతలున్నాయి కాబట్టి వేలు ఎక్కడ పెట్టాలో మరీ తెలియకుండా లేదు. ఇంట్లో చిన్న ఆంప్‌కి పెట్టుకుని ఒక్కడినే వాయిస్తుంటే ఆపబుద్ధి కావట్లేదు. అదే రిహార్సల్‌కి తీసుకెళ్తే మా కీబోర్డు అన్న రెండో పాటకే "అది పక్కనబెట్టి మామూలు బాస్ తియ్యి తమ్ముడూ, పాట మునిగిపోతోంది" అన్నాడు. నిజంగానే మునిగింది, నాకూ వినపడింది, కానీ ఎందుకో అంతుపట్టలేదు. ట్యూనర్ పెట్టుకునే వాయించాను, స్వరాలేం తప్పలేదు.

నెట్‌లో ఎక్కడ చూసినా ఫ్రెట్‌లెస్ అంటే జాజ్ అంటారు. మన ఊళ్ళో జాజ్ ఎవరు పెట్టించుకుంటారు చెప్పండి. సినిమా మెలొడీలు, చర్చి పాటలు, రాక్, కర్ణాటక ఫ్యూజన్... వీటిలో దేనికి బాగుంటుంది, దేనికి ముట్టుకోకూడదు? వాయించినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

తెనాలి_కీబోర్డు

మీ కీబోర్డు అన్నకి నా ఓటు. పెళ్ళి స్టేజీ మీద ఆ వాద్యం ఎందుకు బాబూ? మాస్ పాట పడగానే జనానికి కావాల్సింది కిక్ డ్రమ్ముతో కలిసి గుండెల మీద కొట్టే బాస్. ఫ్రెట్‌లెస్ అక్కడ జారుడుబల్ల. ఇంట్లో వాయించుకో, బాగుంటుంది.

బెజవాడ_బాస్

తమ్ముడూ, ముందు ఆ సౌండు అలా ఎందుకు ఉంటుందో తెలుసుకుంటే మిగతాది నీకే తెలుస్తుంది. మామూలు బాస్‌లో తీగ ఒక చివర బ్రిడ్జి మీద, రెండో చివర లోహపు ఫ్రెట్ మీద ఆగుతుంది. రెండూ గట్టివే, అందుకే మీటగానే ‘టక్’ మని అంచు తెలుస్తుంది. ఫ్రెట్‌లెస్‌లో రెండో చివర నీ వేలి కండ, దాని కింద చెక్క. మెత్తటి వేలు పై హార్మోనిక్స్‌ని (అసలు స్వరంతో పాటు మోగే సన్నటి పై శబ్దాల్ని) తొందరగా మింగేస్తుంది, ఆ అంచు మొద్దుబారుతుంది. పైగా ఫ్రెట్ ఎత్తు లేదు కదా, ఊగుతున్న తీగ నీ వేలికి ముందున్న బోర్డుని ఒరుసుకుంటూ ఊగుతుంది. ఆ ఒరిపిడి వల్లే మీటిన క్షణం తర్వాత, కొంచెం ఆలస్యంగా, ముక్కుతో పలికినట్టు ‘మ్వా’ అంటూ స్వరం విచ్చుకుంటుంది.

అంటే ఈ వాద్యంలో స్వరం మొదలు బలహీనం, నడుమ బలం. నీ ఆర్కెస్ట్రాలో జరిగింది ఇదే. స్వరం విచ్చుకునేలోపు తర్వాతి స్వరం వచ్చి పడింది, ‘టక్’ లేదు కాబట్టి తాళానికి ఆనిక పోయింది, విచ్చుకున్న ఆ కాస్త సౌండు కూడా కీబోర్డు ఎడమ చెయ్యి, గాయకుడి గొంతు ఉండే మిడ్‌లోనే (మరీ లావూ, మరీ సన్నమూ కాని మధ్య శబ్దాల్లోనే) ఉంటుంది కాబట్టి ముగ్గురూ ఒకరినొకరు తోసుకున్నారు. శ్రుతి తప్పక్కర్లేదు, పాట మునగడానికి ఇది చాలు.

కాబట్టి ఏ స్టైలు అని అడిగేకంటే, పాటలో ఒక్కో బాస్ స్వరానికి ఎంత చోటు ఉంది, ఎంతసేపు ఉంది అని అడుగు. జాజ్ అని అందరూ అనడానికి కారణం జాకో పాస్టోరియస్. ఆయన 1962 నాటి ఫెండర్ జాజ్ బాస్‌కి ఫ్రెట్లు తీసేసి, బోర్డు మీద పడవలకి పూసే ఎపాక్సీ పట్టించి, స్టీల్ రౌండ్‌వౌండ్ తీగలు (పైన గుండ్రటి సన్న తీగ చుట్టిన గరుకువి) కట్టుకుని, బ్రిడ్జి పక్కనున్న పికప్ ఒక్కటే పెట్టుకుని వాయించాడు. 1976లో తన పేరు మీదే వచ్చిన మొదటి ఆల్బమ్, 1977లో వెదర్ రిపోర్ట్ వాళ్ళ ‘హెవీ వెదర్’... ఆ తర్వాత ఫ్రెట్‌లెస్ అంటే ఆ సౌండే అని ప్రపంచం ఫిక్స్ అయిపోయింది. అదే 1976లో జోనీ మిచెల్ ‘హెజీరా’లో కొన్ని పాటలకి కూడా ఆయనే వాయించాడు. అక్కడ గొంతు, గిటారు, మధ్యలో బోలెడంత ఖాళీ. ఆ ఖాళీలో ఈయన బాస్ రెండో గొంతులా తిరుగుతుంది. అదేం జాజ్ కాదు, చూసుకో.

రాక్_మిర్చి

అన్నా, ఒక్కో స్వరానికి ఎంతసేపు ఉంది అంటున్నావు, అంటే స్లో పాటలకే పనికొస్తుందనేగా, అది నేను ఒప్పుకోను. స్టీవ్ డిజార్జియో ఫ్రెట్‌లెస్ మీద డెత్ మెటల్ వాయించాడు! 1993లో డెత్ బ్యాండ్ ‘ఇండివిడ్యువల్ థాట్ ప్యాటర్న్స్’ వినండి, డ్రమ్ములు మెషిన్‌గన్‌లా పోతుంటే బాస్ పాములా కింద తిరుగుతూ ఉంటుంది, ప్రతి స్వరం వినపడుతుంది. ద ఫర్మ్ బ్యాండులో టోనీ ఫ్రాంక్లిన్ 1985లో హార్డ్ రాక్‌కే వాయించాడు. పెర్ల్ జామ్ మొదటి ఆల్బమ్‌లో జెఫ్ అమెంట్ కూడా. రాక్‌కి పనికిరాదని ఎవరన్నారు?

బెజవాడ_బాస్

పనికిరాదనలేదు మిర్చీ. నువ్వు చెప్పిన డెత్ ఆల్బమే తీసుకో. గిటార్లకి డిస్టార్షన్ ఉంది, తీగ మీద అరచెయ్యి ఆనించి మీటడంతో అవి ‘చగ్ చగ్’ మంటూ ఉంటాయి, సాగే స్వరం వాటికి లేదు. సాగే చోటు ఖాళీగా ఉంది కాబట్టి ఫ్రెట్‌లెస్ వచ్చి అందులో కూర్చుంది. పైగా ఆ మనిషి మూడు వేళ్ళతో మీటుతాడు, ఆ దెబ్బ తీగలోంచి అంచు లాక్కొస్తుంది. అదే పంక్‌లో మూడు కార్డుల మీద పిక్‌తో గబగబా ఎనిమిదో భాగాలు కొట్టే చోట పెట్టి చూడు, నేలమీద దుప్పటి ఈడ్చినట్టుంటుంది.

స్లాప్ (తీగని బొటనవేలితో కొట్టి, లాగి వదిలే పద్ధతి) కూడా దీని పని కాదు. తీగ లాగి వదిలితే ఫ్రెట్‌కి తగిలి ‘ఛట్’ మనాలి కదా, తగలడానికి ఫ్రెట్టే లేదు. చెక్కకి తగిలి ‘డబ్’ మంటుంది. ఫంక్ పాట ఏదైనా వస్తే నీ మామూలు బాసే తియ్యి, అందులో ఆలోచించేదేం లేదు.

తెనాలి_కీబోర్డు

ఫ్రెట్లు ఎందుకు పెట్టారో మర్చిపోతున్నారు అందరూ. 1951లో లియో ఫెండర్ బాస్‌కి ఫ్రెట్లు పెట్టి ప్రెసిషన్ బాస్ అని అమ్మింది ఎందుకు? నిలబడి వాయించే పెద్ద డబుల్ బాస్ మీద శ్రుతి కష్టం, ఇది నొక్కితే చాలు కరెక్టుగా పలుకుతుంది అని. దాన్ని తిరిగి పీకేయడం ఏంటో నాకర్థం కాదు.

బెజవాడ_బాస్

ఆ పీకుడు మనం కనిపెట్టింది కాదు సార్. కంపెనీలే చేశాయి. ఆంపెగ్ 1966లోనే ఫ్రెట్‌లెస్ బాస్ అమ్మింది, ఫెండర్ తన ప్రెసిషన్‌నే ఫ్రెట్లు లేకుండా 1970లో ఇచ్చింది. కొత్తది కావాలని కొందరు, పాత డబుల్ బాస్ సౌండు చేతిలో మోసుకుపోవాలని కొందరు. మీకు ఒక్క పాట చెప్తా, వినండి: 1983లో పాల్ యంగ్ పాడిన ‘వేరెవర్ ఐ లే మై హ్యాట్’. మొదలవడమే పీనో పల్లాడీనో ఫ్రెట్‌లెస్‌తో మొదలవుతుంది. బాస్‌తో ఆలాపన పెట్టారు, అది బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. పాప్ పాటే అది.

శృతిపెట్టె

నేను బాస్ వాయించను, వయొలిన్ చెప్తాను, విజయవాడ ఘంటసాల సంగీత కళాశాలలో చదువుకున్నాను. మా శిష్యుడొకరు ఈ చర్చ పంపితే చదువుతున్నాను. ఫ్రెట్లు లేకపోవడం మాకేం వింత కాదు బాబూ, వయొలిన్‌కి ఎప్పుడున్నాయి కనుక. గోటువాద్యానికీ లేవు. వీణకి 24 మెట్లున్నా గమకం కోసం తీగని పక్కకి లాగుతాం, మెట్టు మీద కూర్చోం. మన పాలకొల్లు శ్రీనివాస్ ఫ్రెట్లున్న మాండొలిన్ మీదే గమకాలన్నీ పలికించాడు. కాబట్టి గమకం రావాలంటే ఫ్రెట్‌లెస్సే కావాలి అనేది నిజం కాదు. ఫ్రెట్‌లెస్‌లో సుఖం ఏంటంటే జారు పైకీ కిందకీ రెండువైపులా ఒకేలా వస్తుంది. ఫ్రెట్ మీద తీగ లాగితే శ్రుతి పైకే పోతుంది, కిందకి దిగాలంటే ముందే లాగి పెట్టుకుని వదలాలి. బాస్ తీగలంత లావైతే ఆ లాగుడు ఎంతవరకు సాధ్యమో మీకే తెలియాలి.

ఇంకోటి. నాలుగుతీగలు గారూ, "ట్యూనర్ పెట్టుకుని వాయించాను, తప్పలేదు" అన్నారు. ట్యూనర్ చెప్పేది కీబోర్డు శ్రుతి. తంబురా పక్కన అంతర గాంధారం పలికేటప్పుడు మనం ట్యూనర్ చూపించే చోటుకంటే కాస్త కిందే నిలుస్తాం. సెమిటోన్‌ని 100 సెంట్లు అనుకుంటే షడ్జం నుంచి కీబోర్డు గాంధారం 400 సెంట్లు, తంబురాలో సహజంగా వినపడే గాంధారం 386. ఆ 14 తేడా మీ వాద్యం మీద పలుకుతుంది, కీబోర్డు మీద పలకదు. ఫ్యూజన్‌లో ఈ సౌండు ఎందుకు అంత హాయిగా ఉంటుందని అడిగితే సగం జవాబు ఇదే అంటాను.

వడ్రంగి_వాద్యం

అమ్మా, మీ లెక్క చూసి సరదాకి కొలిచి చూశాను. 34 అంగుళాల స్కేలు బాస్‌లో నట్ (మెడ పై చివర తీగలు ఆనే పట్టీ) నుంచి మొదటి ఫ్రెట్ గీత దాకా 48.5 మిల్లీమీటర్లు. అదే 12వ గీత నుంచి 13వ గీతకి 24 మిల్లీమీటర్లే. మూడో తీగ (ఎ) మీద సి షడ్జం అనుకుంటే, రెండో తీగ (డి) మీద రెండో గీత దగ్గర ఇ గాంధారం. మీరు చెప్పిన 14 సెంట్లు తగ్గాలంటే అక్కడ గీతకి సుమారు 6 మిల్లీమీటర్లు వెనక వేలు పెట్టాలి. అదే గాంధారం పై స్థాయిలో మొదటి తీగ (జి) మీద తొమ్మిదో గీత దగ్గర పట్టుకుంటే 4 మిల్లీమీటర్లు. వేలి కొన వెడల్పే దానికి రెట్టింపు ఉంటుంది, ఇక చూసుకోండి.

ఇంకోమాట తమ్ముడికి. మామూలు బాస్ మీద ఫ్రెట్ వెనక నొక్కడం అలవాటు కదా, దీని మీద సరిగ్గా గీత మీదే వేలు మధ్య భాగం ఉండాలి. గీత వెనక నొక్కితే ప్రతి స్వరమూ కొంచెం దిగి పలుకుతుంది. కళ్ళతో చూసేటప్పుడు కూడా పైనుంచి వంగి చూస్తే గీత ఒకచోట, పక్కన చుక్కల్ని చూస్తే ఇంకోచోట కనపడుతుంది. బాస్ మెడలో వేసుకున్నప్పుడు నీకు కనపడేది పక్క చుక్కలే, వాటికే అలవాటు పడు. గీతల్లేని మోడళ్ళు కొన్నిట్లో పక్క చుక్క సరిగ్గా స్వరం దగ్గరే ఉంటుంది, కొన్నిట్లో మామూలు బాస్‌లా రెండు స్వరాల మధ్యన ఉంటుంది. ఎవరిదైనా తీసుకుని స్టేజీ ఎక్కేముందు అది చూసుకోకపోతే పాట మొత్తం అర సెమిటోన్ తేడాలో పోతుంది.

సౌండ్_సుబ్బులు

మిక్సర్ వెనక నిలబడేవాణ్ణి, నేను కూడా చెప్పాలి. కళ్యాణ మండపంలో ఫ్రెట్‌లెస్ వస్తే నాకు టెన్షన్. ఎందుకంటే వాయించేవాడికి తన సౌండు వినపడదు. సబ్ వూఫర్లు జనం వైపు, వెనక గోడ నుంచి తిరిగొచ్చే బూమ్ స్టేజీ వైపు. ఇ తీగ (అన్నిటికంటే లావుది) వదిలి మీటితే 41 హెర్ట్జ్, ఆ కింద స్వరాలు హాల్లో ఎక్కడ పడితే అక్కడ నిలబడిపోతాయి, ఏ స్వరమో చెవికి తెలియదు. ఫ్రెట్లుంటే చెవికి వినపడకపోయినా వేలు కరెక్టుగా పడుతుంది. ఫ్రెట్‌లెస్‌లో చెవి పోతే వేలు పోయినట్టే.

వాయించి తీరాలంటే ఇన్‌ఇయర్ పెట్టుకుని అందులో బాస్, గాయకుడు, కొంచెం కీబోర్డు వేయించుకో. ఈక్యూలో 250 హెర్ట్జ్ దగ్గర కాస్త తగ్గించి 700, 800 దగ్గర కాస్త పెంచితే ఆ ‘మ్వా’ జనానికి చేరుతుంది. పెంచే ముందు కీబోర్డు ప్లేయర్‌ని ఎడమ చెయ్యి తగ్గించమను, అది నా చేతిలో లేదు.

తెనాలి_కీబోర్డు

ఎడమ చెయ్యి తగ్గించమంటే ఎలా సుబ్బులూ, మా జీతంలో సగం ఎడమ చేతిదే.

సౌండ్_సుబ్బులు

అందుకే బాస్ ప్లేయర్‌కి మిగిలిన సగం కూడా రావట్లేదు.

ఆరండల్‌పేట_నాలుగుతీగలు

అందరికీ థాంక్స్. బెజవాడ అన్నా, స్వరం మొదలు బలహీనం అన్నావు చూడు, అది విన్నాక నిన్న రాత్రి రికార్డు చేసుకుని విన్నాను, నిజం. బ్రిడ్జి దగ్గర మీటితే కొంచెం అంచు వస్తోంది, నెక్ దగ్గర మీటితే మొత్తం మెత్తగా అయిపోతోంది. అయితే బ్రిడ్జి దగ్గరే మీటాలా ఎప్పుడూ?

చర్చి పాటల సంగతి కూడా చెప్పండి. అక్కడ డ్రమ్ములు తక్కువ, పాటలు నిదానం, నాకు అక్కడే బాగుంటుందనిపిస్తోంది.

బెజవాడ_బాస్

బ్రిడ్జి దగ్గర మీటితే గురక (ఆ గుర్రుమనే గరుకు సౌండు) ఎక్కువ, స్వరం స్పష్టం. జాకో సౌండు అక్కడిదే. నెక్ దగ్గర మీటితే డబుల్ బాస్ లాగా గుండ్రంగా ఉంటుంది, ఫ్లాట్‌వౌండ్ తీగలు (పైన చదును పట్టీ చుట్టిన నున్నటివి) కూడా వేసుకుంటే ఇంకా. వాకింగ్ బాస్‌కి (తాళం దెబ్బకో స్వరం చొప్పున నడిచే బాస్‌కి), పాత ఘంటసాల కాలం పాటలకి రెండోది. కొత్త మెలొడీకి, సోలో ముక్కకి మొదటిది. రెగ్గేకి ట్రెబుల్ పూర్తిగా తగ్గించి నెక్ దగ్గరే. రెగ్గేలో స్వరాల కంటే ఖాళీలే ఎక్కువ కదా, బాగానే ఉంటుంది, కాకపోతే స్వరం ఎక్కడ ఆపాలో ఎడమ చేత్తో గట్టిగా ఆపాలి, లేకపోతే తోక మిగిలిపోతుంది.

చర్చి పాటలకి మాత్రం కళ్ళు మూసుకుని తీసుకెళ్ళు. ఉదాహరణకి జి మేజర్‌లో నిదానం పాట, జి నుంచి ఇ మైనర్‌కి దిగాలి అనుకో. చాలామంది ఇ తీగ మీద మూడో గీత దగ్గర జి పట్టుకుని, ఇ కోసం తీగ వదిలేస్తారు. ఫ్రెట్‌లెస్‌లో అది చేయొద్దు. వదిలిన తీగ నట్ మీద ఆగుతుంది, నొక్కిన తీగ వేలి మీద ఆగుతుంది, రెండిటి సౌండు రెండు వాద్యాల్లా ఉంటుంది, మధ్యలో జారడానికి కూడా లేదు. దాని బదులు పై స్థాయి జి ని ఎ తీగ మీద పదో గీత దగ్గర పట్టుకుని, గాయకుడు లైను ముగించే చోట ఏడో గీత దగ్గరున్న ఇ లోకి జారు. ఎఫ్ షార్ప్ దగ్గర ఆగకు, కానీ దాన్ని తాకుతూ పో. ఇ మీదికి చేరాక వేలుని వయొలిన్ వాళ్ళలా తీగ పొడుగునా ముందుకీ వెనక్కీ దొర్లించు, పక్కకి లాగకు. పక్కకి లాగితే పనీ అవ్వదు, బోర్డూ పాడవుతుంది. ఈ ఒక్క జారు పాట మొత్తంలో రెండుసార్లు వేస్తే జనం తల తిప్పి చూస్తారు. ప్రతి లైనుకీ వేస్తే పాస్టర్ గారు తల తిప్పి చూస్తారు.

శృతిపెట్టె

చర్చి పాటలన్నారు కాబట్టి ఒక మాట. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీసి చూడండి, పురుషోత్తమ చౌదరి గారివి లాంటి పాత కీర్తనల పైన రాగం, తాళం వేసి ఉంటాయి. పందొమ్మిదో శతాబ్దంలో మన రాగాల్లోనే రాసిన పాటలవి. వాటిని ఇప్పుడు గిటారు కార్డులకి కట్టేసి మేజర్, మైనర్ అని వాయిస్తున్నారు, రాగంలో ఉన్న స్వరం కార్డులో కుదరని చోట పాట ఎవరికీ తెలియకుండానే మారిపోతోంది. మీ దగ్గర ఫ్రెట్‌లెస్ ఉంది కదా, కార్డు మూలస్వరాలు మాత్రమే మోగించకుండా పాట వరస ఒకసారి బాస్ మీద పాడించి చూడండి. గమకాలకి పై తీగలే వాడండి. మంద్రంలో, ఇ తీగ మీద, కంపితం వేస్తే ఊగుతున్నది గమకమో శ్రుతి తప్పిందో వినేవాడికి తేలదు. డి, జి తీగల మీద అయిదో గీత దాటాక వేస్తే పలుకుతుంది.

మృదంగం పక్కన వాయిస్తే ఇంకో జాగ్రత్త. తొప్పి (ఎడమ) వైపు గుంకీ, అంటే చెయ్యి నొక్కి జార్చి వేసే మంద్ర నాదం, మోగేది మీరు తిరిగే చోటే. మృదంగం వాళ్ళు గుంకీ వేసే చోట మీరు స్వరం ఆపండి, లేదా పైకి వెళ్ళిపోండి. చాలా ఫ్యూజన్ కచేరీల్లో ఈ ఇద్దరూ ఒకరినొకరు మింగేస్తుంటారు, తుమ్మలపల్లి కళాక్షేత్రంలో వెనక వరసలో కూర్చుంటే స్పష్టంగా తెలుస్తుంది.

రాక్_మిర్చి

మేడమ్, ఇది సూపర్. నాకో డౌటు. కీబోర్డు ఉన్న బ్యాండులో ఆ 14 సెంట్లు తగ్గించి గాంధారం వాయిస్తే కీబోర్డుతో కొట్టుకోదా?

శృతిపెట్టె

కొట్టుకుంటుంది నాయనా. కీబోర్డు గాంధారం మోగుతున్నంతసేపూ మీరు కీబోర్డు చోటే పలకాలి. అది ఆగి తంబురా ఒక్కటే ఉన్న ఆలాపన దగ్గర మీ ఇష్టం. ఒకేసారి రెండు రకాల గాంధారాలు వినిపిస్తే రెండూ తప్పుగానే వినపడతాయి.

బెజవాడ_బాస్

ఇదే కారణానికి ఫ్రెట్‌లెస్ మీద రెండు తీగలు కలిపి మీటడం కూడా చూసుకుని చేయాలి. అయిదో స్వరం, ఎనిమిదో స్వరం జోడీ పర్వాలేదు, మూడో స్వరం జోడీ వేస్తే రెండు వేళ్ళలో ఒకటి ఎప్పుడూ కొంచెం పక్కనే ఉంటుంది. జాకో కార్డుల్లా వినిపించిన చోట చాలాభాగం హార్మోనిక్స్. అవి వేలు నొక్కకుండా తీగని తాకి వదిలే స్వరాలు కాబట్టి శ్రుతి వాటంతటవే నిలుస్తుంది. అది నేర్చుకోవడానికి మంచి సాధన కూడా.

వేగం గురించి మిర్చి అన్న మాటకి ఇంకో ఉదాహరణ. 1986లో పాల్ సైమన్ ‘గ్రేస్‌ల్యాండ్’లో దక్షిణాఫ్రికా బాసిస్టు బకీతీ కుమాలో. ఫ్రెట్‌లెస్ మీద డాన్స్ పాటలు వాయించాడు, తాళం ఎక్కడా జారదు. ‘యూ కెన్ కాల్ మీ అల్’లో వచ్చే ఆ బాస్ పరుగు అందరికీ తెలుసు, అందులో సగం వాయించింది, మిగతా సగం అదే టేపుని వెనక్కి తిప్పింది. అక్కడ గిటార్లు పైన పల్చగా గలగలలాడుతుంటాయి, మిడ్ మొత్తం బాస్‌కి వదిలేశారు. చోటు ఉంటే వేగం అడ్డు కాదు.

వడ్రంగి_వాద్యం

తీగల గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. స్టీల్ రౌండ్‌వౌండ్ వేస్తే గురక బాగా వస్తుంది కానీ రోజ్‌వుడ్ బోర్డుని ఆకురాయిలా తినేస్తుంది. ఫస్ట్ పొజిషన్ దగ్గర, వేలు ఎక్కువ దొర్లించే చోట తీగ కింద సన్నటి గాడి పడుతుంది, అక్కడ స్వరం బర్ మంటుంది. ఎబొనీ అయితే గట్టి కాబట్టి ఎక్కువ కాలం తట్టుకుంటుంది. ఎపాక్సీ పూత ఉంటే ఇంకా మంచిది. నికెల్ తీగలు స్టీల్ కంటే నయం. ఫ్లాట్‌వౌండ్ గానీ, నైలాన్ టేప్ చుట్టినవి గానీ వేస్తే బోర్డుకి ఏమీ కాదు, కాకపోతే గురక తగ్గి ‘దుమ్ దుమ్’ అంటుంది. చర్చికి, పాత పాటలకి ఫ్లాట్‌వౌండ్ చాలు అంటాను నేను. బెజవాడ_బాస్ గారు ఒప్పుకోరు, తెలుసు.

తీగ ఎత్తు కూడా సౌండులో సగం. తీగ బోర్డుకి ఎంత దగ్గరగా ఉంటే అంత ‘మ్వా’. నట్ గాడి మామూలు బాస్ కంటే లోతుగా, బోర్డుని దాదాపు తాకేంత కిందకి ఉండాలి. నెక్ దాదాపు తిన్నగా ఉండాలి, కొంచెం వంపు చాలు. మన దగ్గర ఇబ్బంది ఏంటంటే మే నెలలో 45 డిగ్రీల ఎండ, ఆగస్టు వచ్చేసరికి గోడలు చెమ్మ. నెక్ రెండుసార్లు కదులుతుంది. ఫ్రెట్లున్న దానిలో కాస్త తేడా వచ్చినా బండి నడిచిపోతుంది, ఇందులో తీగ బోర్డుకి వెంట్రుకవాసి ఎక్కువ తగిలినా గొంతు నొక్కేసినట్టు అవుతుంది. సీజన్ మారినప్పుడల్లా ట్రస్ రాడ్ (నెక్ లోపల దాని వంపుని సరిచేసే కడ్డీ) పావు తిప్పు తిప్పించుకో, తెలిసినవాడి చేతే. ప్రోగ్రామ్‌కి వెళ్ళేటప్పుడు కారు డిక్కీలో మాత్రం పెట్టొద్దు.

ఇంకో విన్నపం. ఈ చర్చ చదివి ఎవరూ ఇంట్లో ఉన్న మంచి బాస్ ఫ్రెట్లు కటింగ్ ప్లయర్‌తో పీకొద్దు. సోల్డరింగ్ ఐరన్‌తో ఫ్రెట్‌ని వేడిచేసి నెమ్మదిగా లేపాలి, లేకపోతే చెక్క పెళ్ళలు లేచిపోతుంది. తీశాక గాళ్ళలో సన్నటి చెక్క పట్టీలు అతికించి, బోర్డు మొత్తం సమంగా అరగదీసి, నట్ దించాలి. గాళ్ళు అలాగే వదిలేస్తే తీగల లాగుడికి నెక్ ముందుకి వంగుతుంది. నా దగ్గరికి అలా వచ్చినవి చూశాను, ఏడుపొస్తుంది.

బెజవాడ_బాస్

చర్చికి ఫ్లాట్‌వౌండ్ ఒప్పుకుంటాను సార్, అందులో గొడవేం లేదు. సినిమా మెలొడీకి మాత్రం ఒప్పుకోను. రహ్మాన్ పాటల్లో కీత్ పీటర్స్ బాస్ విని పెరిగిన చెవులు మనవి. ఆ మెలొడీల్లో బాస్ పల్లవి కింద స్తంభంలా నిలబడదు, చరణాల మధ్య ఒక మాట అని పోతుంది. అలాంటి చోట అంచు లేని తీగ పెడితే ఆ మాట వినపడదు. రౌండ్‌వౌండ్ నికెల్ వేసుకో తమ్ముడూ, బోర్డు పాడైతే వడ్రంగి గారు ఉన్నారుగా.

వడ్రంగి_వాద్యం

చూశారా, నాకు పని ఎలా తెచ్చిపెడుతున్నాడో.

తెనాలి_కీబోర్డు

అంతా చదివాను. సరే, చర్చిలో, మెలొడీలో, ఫ్యూజన్‌లో బాగుంటుంది, ఒప్పుకుంటాను. పెళ్ళిలో మాత్రం నా మాటే. పెళ్ళివారు ఒక మెలొడీ అడిగితే పదకొండు మాస్ పాటలు అడుగుతారు. ఒక్క మెలొడీ కోసం రెండు బాస్‌లు మోసుకురావడం, మధ్యలో ట్యూనింగ్, కేబుల్ మార్చడం... ఆ గ్యాప్‌లో యాంకర్ జోకులేస్తాడు, అది ఇంకా ప్రమాదం.

సౌండ్_సుబ్బులు

రెండు ఛానళ్ళు ఇస్తాలే, కేబుల్ మార్చక్కర్లేదు. ఒకటి మ్యూట్, ఒకటి ఓపెన్. కానీ ముందే చెప్పాలి, స్టేజీ ఎక్కాక సైగ చేస్తే నాకు కనపడదు.

ఆరండల్‌పేట_నాలుగుతీగలు

అయితే ఇలా చేస్తాను. పెళ్ళిళ్ళకి ఫ్రెట్లున్నదే. చర్చికి ఈ నెల నుంచి ఫ్రెట్‌లెస్ తీసుకెళ్తాను, జి నుంచి ఇ జారుడు ఇప్పటికే కొంచెం కుదురుతోంది, చేరేటప్పుడు కాస్త కిందే ఆగిపోతోంది. శృతిపెట్టె గారూ, కీర్తనల పుస్తకంలో రాగాలు చూశాను, మోహనంలో ఒకటుంది, శంకరాభరణంలో ఉన్నాయి. దేంతో మొదలుపెట్టమంటారు? తంబురా యాప్ ఉంది నా ఫోన్లో.

శృతిపెట్టె

మోహనంతో మొదలుపెట్టండి, అయిదు స్వరాలే కాబట్టి వేలికీ చెవికీ తీరిక ఉంటుంది. యాప్‌లో సి శ్రుతి పెట్టి, మూడో తీగ మీద షడ్జం, రెండో తీగ మీద గాంధారం, పంచమం. గాంధారం మీద ఎక్కువసేపు నిలవండి. వేలు గీత మీద పెట్టి, తంబురా వింటూ కొంచెం కొంచెం వెనక్కి దొర్లించండి, ఒకచోట కొట్టుకోవడం ఆగిపోయి రెండూ కలిసిపోతాయి. అది దొరికాక పక్క తీగ మీద, తొమ్మిదో గీత దగ్గర పై స్థాయి గాంధారం వెతకండి. గమకాలు తర్వాత. కిందే ఆగిపోతోంది అన్నారు కదా, జారేటప్పుడు వేలుని కాదు, మోచేతిని కదపండి.

రాక్_మిర్చి

బ్రో, మాది బ్రాడీపేట. ఒకసారి ఆ బాస్ తీసుకురా, డిస్టార్షన్ పెట్టి చూద్దాం. ఆంప్ నాది.

ఆరండల్‌పేట_నాలుగుతీగలు

వచ్చే ఆదివారం చర్చి అయ్యాక వస్తాను. తీగలు మాత్రం నువ్వే కొనాలి, స్టీల్ కాదు, నికెల్.